ప్రింట్ చేసిన నికెల్ సూపర్‌అల్లాయ్‌కు బలం ఫర్నేస్‌లోనే వస్తుంది

విజయవాడ ఆటోనగర్‌లో టర్బోచార్జర్లు బాగుచేసే షాపుల్లో పాత టర్బైన్ చక్రాలు తుక్కు కింద పడి ఉంటాయి. గుప్పిట్లో ఇమిడే ఆ చక్రం మామూలు ఉక్కు కాదు. 700 డిగ్రీల వేడి పొగ తగులుతుండగా నిమిషానికి లక్ష చుట్లకు దగ్గరగా తిరుగుతూ, రెక్కలు సాగకుండా, అంచులు కాలిపోకుండా నిలబడాలి. అందుకే చాలా డీజిల్ టర్బోల్లో ఆ చక్రాన్ని ఇన్‌కొనెల్ 713సీ లాంటి నికెల్ సూపర్‌అల్లాయ్‌తో, అంటే ఎర్రని వేడిలోనూ బలం కోల్పోని నికెల్ మిశ్రమ లోహంతో, పోత పోస్తారు. రెక్క అంచు విరిగితే దానికి వెల్డింగ్ పెట్టే పని ఎవరూ పెట్టుకోరు, చక్రమే మార్చేస్తారు. మళ్ళీ బ్యాలెన్స్ కుదరదన్నది ఒక కారణం. దానికి మించిన కారణం, ఆ లోహం మామూలు వెల్డింగ్‌ను తట్టుకోదు. వేసిన వెల్డింగ్ గీత చల్లారేలోపే పక్కన సన్నని బీటలు తీస్తుంది.

ఇప్పుడు లోహపు త్రీడీ ప్రింటింగ్ సంగతి చూద్దాం. బయటికి ఎంత కొత్తగా కనిపించినా లోపల జరిగేది వెల్డింగే. 15 నుంచి 45 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) సైజున్న లోహపు పొడిని 40 మైక్రాన్ల మందాన పరుస్తారు. లేజర్ కావలసిన చోట దాన్ని కరిగిస్తుంది. పైన మళ్ళీ పొడి, మళ్ళీ లేజర్. పది సెంటీమీటర్ల ఎత్తుకు 2,500 పొరలు కావాలి. లేజర్ గీతకూ గీతకూ మధ్య దూరం 100 మైక్రాన్లు అనుకుంటే, పది సెంటీమీటర్ల ఘనాన్ని నిండుగా ప్రింట్ చేయడానికి లేజర్ నడిచే దూరం 250 కిలోమీటర్లు. అంటే ఎనిమిది కిలోల దిమ్మలో విజయవాడ నుంచి దాదాపు హైదరాబాద్ దాకా సాగే వెల్డింగ్ ఉంటుంది. ఇంత వెల్డింగ్‌లో ఒక్క చోట బీట వచ్చినా భాగం పనికిరాదు.

కాబట్టి ప్రింటింగ్‌కు మొదట దొరికిన నికెల్ అల్లాయ్, వెల్డింగ్‌కు లొంగే అల్లాయే అయింది. దాని పేరు ఇన్‌కొనెల్ 718. అమెరికాలోని ఇంటర్నేషనల్ నికెల్ కంపెనీలో హెర్బర్ట్ ఐసెల్‌స్టీన్ దాన్ని తయారుచేశాడు, పేటెంట్ 1962లో వచ్చింది. త్రీడీ ప్రింటింగ్ అన్న ఊహ కూడా లేని కాలంలో, వెల్డింగ్‌లో బీటలు రాకపోవడమే తన గొప్పగా బయటికొచ్చిన అల్లాయ్ ఇది. ఇందులో నికెల్ 50 నుంచి 55 శాతం, క్రోమియం 17 నుంచి 21 శాతం, నియోబియం 5 శాతం చుట్టూ, మాలిబ్డినం 3 శాతం, టైటానియం ఒక శాతం, అల్యూమినియం అర శాతం ఉంటాయి. మిగిలింది చాలావరకు ఇనుము. హైదరాబాద్‌లోని ప్రభుత్వ లోహ సంస్థ మిధానీ ఇదే రకాన్ని సూపర్నీ 718 పేరుతో తయారుచేస్తుంది.

వెల్డింగ్‌కు ఎందుకు లొంగిందో తెలిస్తే మిగతా కథ అంతా తేలికవుతుంది. సూపర్‌అల్లాయ్‌కు బలం ఇచ్చేది నికెల్ మాత్రమే కాదు. నికెల్ మాతృకలో, అంటే మూల లోహంలో, పుట్టే అతి చిన్న గట్టి కణాలు ఆ పని చేస్తాయి. లోహం వంగాలంటే దానిలోని డిస్‌లొకేషన్లు, అంటే అణువుల వరసల్లోని తేడాలు, జరగాలి. ఈ కణాలు వాటికి అడ్డం పడతాయి. చాలా సూపర్‌అల్లాయ్‌లలో ఆ కణం గామా ప్రైమ్, అంటే మూడు పాళ్ళు నికెల్, ఒక పాలు అల్యూమినియం లేదా టైటానియం. ఇది చల్లారే దారిలోనే చకచకా పుట్టేస్తుంది. 718లో ముఖ్యమైన కణం వేరు. నియోబియంతో ఏర్పడే ఈ గామా డబుల్ ప్రైమ్ పుట్టడానికి గంటలు కావాలి. వెల్డింగ్ చల్లారే క్షణాల్లో అది పుట్టదు కాబట్టి లోహం మెత్తగానే ఉండి, ముడుచుకునే ఒత్తిడిని సాగి భరిస్తుంది. ఆ తర్వాత తీరిగ్గా ఫర్నేస్‌లో పెట్టి బలం తెచ్చుకోవచ్చు. ఇందుకు చెల్లించే మూల్యం ఏమిటంటే, 650 డిగ్రీలు దాటిన వేడిలో ఎక్కువ కాలం ఉంచితే గామా డబుల్ ప్రైమ్ కణాలు ముతకబారి, చివరికి బలం ఇవ్వని డెల్టా అనే రూపంలోకి మారిపోతాయి. టర్బో చక్రానికి 718 బదులు 713సీ వాడటానికి ఇది ఒక కారణం.

ఇక్కడి నుంచి ప్రింటింగ్‌కు వద్దాం. లేజర్ కింద కరిగే గుంట వెడల్పు ఒక మిల్లీమీటర్‌లో పదో వంతో, కొంచెం ఎక్కువో. చుట్టూ చల్లని లోహం. దాంతో అది సెకనుకు లక్ష నుంచి పది లక్షల డిగ్రీల వేగంతో చల్లారుతుంది. గట్టిపడేటప్పుడు జరిగేదాన్ని పుల్ల ఐసు గుర్తుచేస్తుంది. ముందు నీళ్ళు గడ్డకడతాయి, తీపీ రంగూ గడ్డకట్టని చోటికి నెట్టుకుపోయి సన్నని గీతల మధ్య చేరతాయి. 718లో అలా నెట్టుకుపోయేది నియోబియం. ముందు గట్టిపడిన భాగంలో అది తక్కువ, చివర గట్టిపడిన సందుల్లో చాలా ఎక్కువ. ఆ సందుల్లో లావెస్ అనే పెళుసు పదార్థం ఏర్పడుతుంది. బలానికి కావాల్సిన నియోబియాన్ని అది తినేస్తుంది, పైగా బీట మొదలవడానికి అనువైన చోటవుతుంది. అంటే నష్టం రెండు వైపులా.

పోతలోనూ ఇదే జరుగుతుంది, తేడా సైజులో ఉంది. పోతలో లావెస్ ముద్దల మధ్య దూరం పదుల మైక్రాన్లు. ప్రింట్‌లో ఆ అల్లిక చిన్న చిన్న గదుల్లా, ఒక మైక్రాన్ లోపే. నియోబియం మళ్ళీ సమంగా పరుచుకోవాలంటే అణువులు ఆ దూరం నడవాలి. దానికి పట్టే సమయం దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. దూరం 50 రెట్లు తగ్గితే సమయం 2,500 రెట్లు తగ్గుతుంది. అందుకే పోతను సరిచేయడానికి గంటల తరబడి వేడి కావాల్సిన చోట ప్రింట్‌కు 1,080 డిగ్రీల దగ్గర ఒక గంటో గంటన్నరో సరిపోతుంది. ప్రింటింగ్ ఇచ్చే ఈ వెసులుబాటు గురించి ప్రచార కరపత్రాల్లో ఎక్కడా కనిపించదు. అక్కడ ఎప్పుడూ వంకర ఆకారాల బొమ్మలే.

ప్రింటర్ నుంచి అప్పుడే తీసిన 718లో గామా డబుల్ ప్రైమ్ దాదాపు ఉండదు. పుట్టే తీరిక దానికి దొరకదు. అయినా ఆ లోహం మరీ మెత్తగా ఉండదు. యీల్డ్ స్ట్రెంత్, అంటే లోహం తిరిగి రాకుండా వంగడం మొదలయ్యే ఒత్తిడి, 600 నుంచి 800 మెగాపాస్కల్స్ దాకా వస్తుంది, సాగుదల 20 శాతం పైనే ఉంటుంది. ఈ బలం ఎక్కడిదంటే, మైక్రాన్ లోపు గదుల గోడల్లో చిక్కుకుపోయిన డిస్‌లొకేషన్ల చిక్కుముడి నుంచి. వేగంగా చల్లారి ముడుచుకోవడం వల్ల అది ఏర్పడింది. కొన్ని నివేదికల్లో ఈ అంకెనే చూపించి ‘పోత కన్నా నయం’ అని రాస్తారు. ఆ పోలికతో వచ్చేదేమీ లేదు. ఈ స్థితిలో 718 భాగాన్ని వేడి చోట ఎవరూ నడపరు.

పైగా ఆ చిక్కుముడితో పాటు మిగిలిపోయిన ఒత్తిడి కూడా వస్తుంది. పైపొర చల్లారి ముడుచుకోవాలని చూస్తుంది, కింది పొర అడ్డుకుంటుంది. ఇలా వేల పొరలు. భాగం అడుగున ఉక్కు ప్లేటుకు అతుక్కుని ఉన్నంత వరకు ఇది బయటపడదు. ప్లేటు నుంచి వైరు కట్‌తో కోసిన మరుక్షణం భాగం విల్లులా వంగుతుంది. కాబట్టి ఒత్తిడి తీసే వేడి ముందు, కోత తర్వాత. ఈ వరస తప్పితే మళ్ళీ సరిచేసే దారి లేదు. కొందరు ఫర్నేస్ ఖర్చు మిగులుతుందని వరస మార్చి, తర్వాత కొలతలు కలవలేదని ప్రింటర్‌ను తిడతారు.

అసలు విషయం ఈ వేడి చేయడంలోనే ఉంది, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. ఫోర్జింగ్ చేసిన, అంటే వేడి మీద కొట్టి రూపం తెచ్చిన, 718కు అరవై ఏళ్ళుగా ఒక పద్ధతి ఉంది. 980 డిగ్రీల చుట్టూ ఒక గంట, తర్వాత 720 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు, గంటకు 55 డిగ్రీల చొప్పున 620కి దించి మరో ఎనిమిది గంటలు. చివరి రెండు దశల్లో గామా డబుల్ ప్రైమ్ నానోమీటర్ల సైజులో పుడుతుంది. మరి మొదటి దశ 980 దగ్గరే ఎందుకు? ఫోర్జింగ్‌లో గ్రెయిన్లు, అంటే లోహంలోని స్ఫటికపు ముక్కలు, సన్నగా ఉండటం కోసం. ఆ వేడిలో గ్రెయిన్ల సరిహద్దుల్లో కొద్దిగా డెల్టా పుడుతుంది, అది గ్రెయిన్లు పెరగకుండా పట్టి ఉంచుతుంది. ఫోర్జింగ్‌లో నియోబియం ముందే సమంగా పరుచుకుని ఉంటుంది కాబట్టి డెల్టా అదుపులో ఉంటుంది.

ఇదే పద్ధతిని యథాతథంగా ప్రింట్ చేసిన భాగానికి వాడితే కథ మారుతుంది. అక్కడ నియోబియం సందుల్లో పోగుపడి ఉంది. 980 డిగ్రీల దగ్గర లావెస్ కొంత కరుగుతుంది, కానీ విడుదలైన నియోబియం దూరంగా పోకముందే అక్కడికక్కడే సూదుల్లాంటి డెల్టాగా మారుతుంది. గ్రెయిన్ సరిహద్దుల్లోనే కాకుండా గ్రెయిన్ లోపల గది గోడల వెంబడి కూడా. బలం ఇవ్వాల్సిన నియోబియం సూదుల్లో బందీ అవుతుంది. హార్డ్‌నెస్ చూస్తే పెద్ద తేడా తెలియదు. సాగుదలలో, క్రీప్‌లో (వేడిలో బరువు కింద లోహం నెమ్మదిగా సాగిపోవడంలో) తేడా బయటపడుతుంది. అందుకే ప్రింట్ చేసిన 718కు ముందు 1,065 నుంచి 1,080 డిగ్రీల చుట్టూ వేడి చేసి లావెస్‌ను పూర్తిగా కరిగించడం మంచి పద్ధతి. డెల్టా కరిగిపోయే వేడి 1,010, 1,020 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి దాన్ని దాటి పోవాలి. ఒక పాత పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఏ నిర్మాణం కోసం అది తయారైందో ఆ నిర్మాణం ఇక్కడ లేదు, అంతే.

దీనికి ఇంకో ఉదాహరణ ఇన్‌కొనెల్ 625. దీనికి ఒత్తిడి తీయడానికి 870 డిగ్రీల దగ్గర ఒక గంట అనే సలహా చాలాకాలం చలామణిలో ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పరిశోధకులు ప్రింట్ చేసిన 625ను ఆ వేడిలో పెట్టి ఎక్స్‌రేలతో గమనించారు. ఆ ఒక్క గంటలోనే చెప్పుకోదగ్గంత డెల్టా పుట్టింది. మామూలుగా తయారైన 625లో అంత డెల్టా రావాలంటే చాలా ఎక్కువ గంటలు కావాలి. పేపర్ మీద రసాయన కూర్పు ఒకటే, లోపలి పంపకం వేరు, ఫలితం వేరు.

ఇంకొందరు మొదటి దశనే వదిలేసి నేరుగా 720, 620 డిగ్రీల దశలకు వెళ్తారు. సమయం కలిసొస్తుంది. ప్రింట్‌లోని చిక్కుముడి పోదు, దానికి గామా డబుల్ ప్రైమ్ తోడవుతుంది కాబట్టి గది ఉష్ణోగ్రతలో బలం చాలా బాగా వస్తుంది. కానీ లావెస్ అలాగే మిగిలిపోతుంది. చల్లటి చోట స్థిరమైన బరువు మోసే బ్రాకెట్‌కు ఇది పనికొస్తుంది. వేడెక్కి చల్లారే టర్బైన్ భాగానికి పనికిరాదు. హిప్ (హాట్ ఐసోస్టాటిక్ ప్రెస్సింగ్), అంటే వేడి మీద అన్ని వైపుల నుంచీ గ్యాస్‌తో నొక్కడం, అనే మూడో దారి కూడా ఉంది. 1,120 నుంచి 1,185 డిగ్రీల మధ్య, మామూలు గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్ల ఆర్గాన్ గ్యాస్ ఒత్తిడిలో దాదాపు నాలుగు గంటలు ఉంచితే లోపలి రంధ్రాలు మూసుకుంటాయి, లావెస్ కరుగుతుంది, గ్రెయిన్లు కొత్తగా పుడతాయి. ఉపరితలానికి తెరుచుకున్న రంధ్రాన్ని మాత్రం హిప్ మూయలేదు, ఎందుకంటే గ్యాస్ లోపలికీ వెళ్తుంది. రంధ్రంలో చిక్కుకున్నది ఆర్గానే అయితే అది లోహంలో కరగదు. నలిగి చిన్నదవుతుంది, తర్వాత ఎక్కువ వేడి తగిలితే మళ్ళీ ఉబ్బే అవకాశం ఉంది.

ఇవన్నీ సరిగ్గా చేస్తే ఏం వస్తుంది? ఫోర్జింగ్ 718కు విమాన పరిశ్రమ ప్రమాణం అడిగే కనీస యీల్డ్ స్ట్రెంత్ 1,034 మెగాపాస్కల్స్, తెగే బలం 1,276, సాగుదల 12 శాతం. పోతకు అడిగేది 758, 862, 5 శాతం. సరిగ్గా వేడి చేసిన ప్రింట్ 718 యీల్డ్ స్ట్రెంత్ 1,100 పైన, తెగే బలం 1,300 పైన, సాగుదల 10 నుంచి 20 శాతం మధ్య వస్తుంది. పోతను తేలిగ్గా దాటుతుంది, ఫోర్జింగ్ పక్కన నిలబడుతుంది. లాగుడు పరీక్ష వరకైతే ఇక సందేహం లేదు. కానీ లాగుడు పరీక్ష అన్నిటికన్నా తేలికైన పరీక్ష. చదువుకునే పిల్లలు కొత్త అల్లాయ్ మీద ప్రాజెక్టు అనగానే దాని దగ్గరే మొదలుపెట్టి దాని దగ్గరే ఆపేయడం వల్ల అసలు ప్రశ్నలు పక్కనే మిగిలిపోతాయి.

మొదటి ప్రశ్న దిశ. వేడి ఎప్పుడూ కిందికి, ప్లేటు వైపు పోతుంది. కొత్త పొర గట్టిపడేటప్పుడు కింది గ్రెయిన్ అమరికనే కొనసాగిస్తుంది. దాంతో గ్రెయిన్లు పొరలు దాటి నిలువుగా, స్తంభాల్లా పెరుగుతాయి. స్ఫటికం అంచు దిశ నిట్టనిలువుగా ఉండేవే పోటీలో గెలుస్తాయి. నికెల్ స్ఫటికం ఆ దిశలో కొంచెం మెతక. మామూలు 718 స్థితిస్థాపక గుణకం (సాగకుండా ఎదిరించే కొలత) 200 గిగాపాస్కల్స్ అయితే, ఒకే స్ఫటికంలో ఆ దిశలో 130 దగ్గర ఉంటుంది. ప్రింట్‌లో పూర్తిగా అంత తేడా రాదు కానీ నిలువుగా కోసిన నమూనా, అడ్డంగా కోసిన నమూనా ఒకే సంఖ్య ఇవ్వవు. సాధారణంగా అడ్డం నమూనాలో బలం కొంచెం ఎక్కువ. క్రీప్‌లో ఇది తిరగబడుతుంది. ఎక్కువ వేడిలో లోహం గ్రెయిన్ సరిహద్దుల దగ్గర తెగుతుంది. బరువు నిలువుగా పడితే ఆ దిశకు అడ్డంగా ఉండే సరిహద్దులు స్తంభాల్లో తక్కువ, కాబట్టి నిలువు నమూనా ఎక్కువ కాలం నిలుస్తుంది. జెట్ ఇంజన్ బ్లేడ్లను కావాలని ఒకే దిశలో గట్టిపరిచే పోత పద్ధతి పుట్టింది ఇందుకే. ప్రింటింగ్‌లో అది అడగకుండానే కొంత వస్తుంది. బ్లేడ్‌ను ప్లేటు మీద ఏ దిశలో నిలబెట్టారన్నది అప్పుడు డిజైన్ ప్రశ్న అవుతుంది, సౌకర్యం ప్రశ్న కాదు.

ఈ దిశను అదుపు చేయడం కూడా సాధ్యమే. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల ఎలక్ట్రాన్ బీమ్ నడిచే తీరును చోటుచోటుకీ మార్చి, ఒకే 718 దిమ్మలో గ్రెయిన్ల దిశతోనే అక్షరాలు రాసి చూపించింది. ఎలక్ట్రాన్ బీమ్ మిషన్లలో పరిచిన పొడిని ముందే వెయ్యి డిగ్రీల దగ్గర ఉంచుతారు కాబట్టి మిగిలిపోయే ఒత్తిడి కూడా తక్కువ.

రెండో ప్రశ్న ఫెటీగ్, అంటే మళ్ళీ మళ్ళీ పడే బరువు. ఇక్కడ లోపలి గామా డబుల్ ప్రైమ్ కన్నా బయటి చర్మమే ఎక్కువ మాట్లాడుతుంది. అతుక్కున్న పొడి రేణువులు, పొరల మెట్లు, ఉపరితలం కిందే దాక్కున్న రంధ్రాలు బీట మొదలవడానికి చాలు. మిషనింగ్ చేసి నునుపుచేసిన నమూనా ఫెటీగ్ ఆయుష్షు, ప్రింట్ అయినట్టే వదిలేసిన నమూనాది ఒకటి కాదు. కానీ ప్రింటింగ్‌ను ఎంచుకునేది లోపలి వంకర దారుల కోసమే, కట్టింగ్ టూల్ అక్కడికి పోదు. ఇది ఇప్పటికీ తేలని చిక్కు. లోపలి రంధ్రాలను సీటీ స్కాన్‌తో పట్టుకోవచ్చంటారు గానీ, నికెల్ సాంద్రత క్యూబిక్ సెంటీమీటర్‌కు ఎనిమిది గ్రాములకు పైనే. మందం పెరిగేకొద్దీ ఎక్స్‌రే దాన్ని దాటలేదు, చిన్న రంధ్రం కనిపించదు.

ఇక 713సీ సంగతి. అందులో అల్యూమినియం దాదాపు 6 శాతం, టైటానియం 0.8 శాతం. ఈ రెండూ కలిపి ఎంత ఉన్నాయన్నదాన్ని బట్టి వెల్డింగ్‌కు లొంగుతుందా లేదా అని ఇంజనీర్లు ఎప్పటి నుంచో అంచనా వేస్తారు. మొత్తం నాలుగైదు శాతం దాటితే కష్టం. ఐఎన్738, సీఎం247 లాంటి గ్యాస్ టర్బైన్ అల్లాయ్‌లన్నీ ఆ హద్దుకు అవతలే. వాటిలో బీటలు నాలుగు దారుల్లో వస్తాయి. గట్టిపడటం చివర్లో గ్రెయిన్ల మధ్య మిగిలిన పలుచటి ద్రవపు పొర, ముడుచుకునే ఒత్తిడికి చీలుతుంది. పక్క గీత వేసినప్పుడు తక్కువ వేడికి కరిగే పదార్థం మళ్ళీ కరిగి చీలుతుంది. ఒక మధ్యస్థ వేడిలో లోహం సాగే గుణం పడిపోయి, ద్రవం లేకుండానే సరిహద్దు తెరుచుకుంటుంది. నాలుగోది మరీ మోసకారి. ప్రింట్ బాగానే వస్తుంది, బీట ఉండదు. ఒత్తిడి తీయడానికి ఫర్నేస్‌లో పెట్టి వేడి చేస్తుంటే, ఒత్తిడి తగ్గేలోపే గామా ప్రైమ్ పుట్టి లోహం గట్టిపడుతుంది. సాగలేక చీలిపోతుంది. 718లో సాయంగా నిలిచిన తీరిక ఇక్కడ లేదు.

దీనికి రకరకాల దారులు వెతికారు. సిలికాన్, జిర్కోనియం, బోరాన్ పాళ్ళు సర్ది చివరి ద్రవపు పొరను తగ్గించడం, ఎలక్ట్రాన్ బీమ్‌లో వెయ్యి డిగ్రీల వేడి పొడి మీద ప్రింట్ చేయడం, ఫర్నేస్‌లో ప్రమాదకరమైన ఉష్ణోగ్రతలను వేగంగా దాటించడం. ఫలితాలు లేకపోలేదు. 2017లో సీమెన్స్ సంస్థ ప్రింట్ చేసిన నికెల్ అల్లాయ్ బ్లేడ్లను 13 మెగావాట్ల గ్యాస్ టర్బైన్‌లో బిగించి, నిమిషానికి 13,000 చుట్ల వేగంతో, 1,250 డిగ్రీలు దాటిన గ్యాస్ వేడిలో నడిపి చూపింది. మరో దారి పాత అల్లాయ్‌ను బతిమాలడం మానేసి ప్రింటింగ్ కోసమే కొత్తది తయారుచేయడం. నాసా తయారుచేసిన జీఆర్‌ఎక్స్ 810 ఇందుకు మంచి ఉదాహరణ. నికెల్, కోబాల్ట్, క్రోమియం పొడి రేణువులకు నానో సైజు ఇట్రియం ఆక్సైడ్ పూత పూసి లేజర్‌తో కరిగిస్తే, ఆ ఆక్సైడ్ లోహమంతా పరుచుకుంటుంది. 1,093 డిగ్రీల దగ్గర, ప్రింటింగ్‌లో ఎక్కువగా వాడే మామూలు నికెల్ అల్లాయ్‌లతో పోలిస్తే దీని క్రీప్ ఆయుష్షు వెయ్యి రెట్లు మించిందని 2023లో ప్రచురించారు. ఆక్సైడ్ కణం ఫర్నేస్‌లో పుట్టేది కాదు, వేడికి కరిగిపోయేదీ కాదు. అందుకే అది గామా ప్రైమ్ చేతులెత్తేసే వేడిలోనూ నిలబడుతుంది.

మన దగ్గర ఈ రంగం రాకెట్ల వైపు నుంచి వచ్చింది. హైదరాబాద్ ప్రైవేటు రాకెట్ కంపెనీ స్కైరూట్ 2021లో సూపర్‌అల్లాయ్‌తో ప్రింట్ చేసిన ధవన్-1 ఇంజన్‌ను పరీక్షించింది. 2024 మే 9న ఇస్రో పీఎస్4 (పీఎస్ఎల్‌వీ రాకెట్ నాలుగో దశ) ఇంజన్ ప్రింటెడ్ రూపాన్ని 665 సెకన్ల పాటు మండించింది. 14 భాగాలు ఒకే ముక్క అయ్యాయి, 19 వెల్డింగ్ జాయింట్లు పోయాయి, 565 కిలోల ముడిసరుకు పట్టే చోట 13.7 కిలోల పొడి సరిపోయింది. అదే నెల 30న శ్రీహరికోట నుంచి చెన్నై కంపెనీ అగ్నికుల్ ఒకే ముక్కగా ప్రింట్ చేసిన ఇంజన్‌తో రాకెట్ ఎగరేసింది. రాకెట్ ఇంజన్‌కు ఒక సౌలభ్యం ఉంది. అది మండేది నిమిషాల లెక్కే. క్రీప్ తన పని చేయడానికి గంటలు, వేల గంటలు కావాలి. విద్యుత్ కేంద్రంలో టర్బైన్‌కు ఆ సౌలభ్యం లేదు. రాకెట్‌లో గెలిచిన పద్ధతి టర్బైన్‌లోనూ గెలుస్తుందని అనుకోవడం తొందరపాటు.

మన చుట్టుపక్కల అవసరం ఎక్కడుందో కూడా ఇదే చెబుతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం పాత యూనిట్లలో ఆవిరి వేడి 540 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది, అక్కడ మంచి ఉక్కుతో పని జరిగిపోతుంది. నికెల్ అల్లాయ్ బ్లేడ్లు ఉండేది కొండపల్లి లాంటి చోట గ్యాస్ టర్బైన్లలో. కేజీ బేసిన్ గ్యాస్ కొరతతో రాష్ట్రంలో గ్యాస్ కేంద్రాలు ఏళ్ళ తరబడి సరిగా నడవలేదు కాబట్టి ఆ మార్కెట్‌ను నమ్ముకుని ఇక్కడ ప్రింటర్ కొనడం తెలివైన పని అనిపించదు. టర్బో చక్రాల విషయమూ అంతే. పోతలో వేల సంఖ్యలో చవగ్గా వచ్చేదాన్ని, బీటల భయంతో ఒక్కొక్కటిగా ప్రింట్ చేయడంలో అర్థం లేదు.

వడ్లమూడి నుంచి వడ్డేశ్వరం, కానూరు దాకా ఈ ప్రాంతంలో ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. మిషన్ లేకపోయినా చేయగల పని చాలా ఉంది. ప్రింట్ చేసిన 718 కడ్డీలు బయట చేయించుకోవచ్చు. వాటిని మూడు రకాల వేడికి గురిచేసి పోల్చడమే ఒక మంచి ప్రాజెక్టు. వాక్యూమ్ లేదా ఆర్గాన్ ఫర్నేస్ మాత్రం కావాలి. ఆటోనగర్‌లో గేర్లకు టెంపరింగ్ చేసే గాలి తగిలే ఫర్నేస్‌లో పెడితే పైపొర ఆక్సైడ్ పట్టి, క్రోమియం తగ్గిపోతుంది. హార్డ్‌నెస్ మిషన్‌తో చూస్తే ప్రింట్ అయినప్పుడు రాక్‌వెల్ సీ అనే హార్డ్‌నెస్ కొలమానం మీద 30 దగ్గర, వేడి చేశాక 40 దాటి కనిపిస్తుంది. అది గామా డబుల్ ప్రైమ్ పుట్టిందని చెబుతుంది, లావెస్ పోయిందని చెప్పదు. నేరుగా 720కి వెళ్ళిన కడ్డీ, 1,080 దాటి వచ్చిన కడ్డీ ఇంచుమించు ఒకే హార్డ్‌నెస్ ఇవ్వగలవు. తేడా తెలియాలంటే పాలిష్ చేసి, ఎచింగ్ చేసి (యాసిడ్‌తో పైపొరను కొరికించి), ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూడాలి. మైక్రాన్ లోపు గదులు మామూలు మైక్రోస్కోప్‌లో స్పష్టంగా కనిపించవు.

బయట చేయించుకునే వాళ్ళకు కూడా ఇదే లెక్క. ఆర్డర్‌లో ‘ఇన్‌కొనెల్ 718, త్రీడీ ప్రింట్’ అని రాస్తే ఏ స్థితిలోని లోహమైనా వచ్చే వీలుంది. పొడి ఎన్నోసారి వాడుతున్నది, భాగాన్ని ప్లేటు మీద ఏ దిశలో నిలబెట్టారు, ప్లేటు నుంచి కోయకముందు ఒత్తిడి తీశారా, మొదటి దశ వేడి ఎంత, హిప్ చేశారా అని అడిగి రాయించుకోవాలి. కృష్ణా తీరపు తేమలో డబ్బా మూత తెరిచి ఉంచిన పొడి సమంగా జారదు, పొర ఎగుడుదిగుడుగా పరుచుకుంటుంది. కాబట్టి పొడి ఎక్కడ ఎలా దాచారన్నదీ అడగాలి. టెస్ట్ రిపోర్ట్‌లో కడ్డీ అదే ప్లేటు మీద, అదే ఫర్నేస్ లోడ్‌లో వచ్చిందో లేదో చూడాలి. అది కూడా సరిపోని సందర్భం ఒకటుంది. కడ్డీ మందం 12 మిల్లీమీటర్లు, భాగం గోడ మందం ఒక మిల్లీమీటర్ లోపు అయితే రెండూ ఒకే వేగంతో చల్లారవు, గ్రెయిన్లు ఒకేలా పెరగవు, ఉపరితలపు గరుకు పలుచటి గోడలో ఎక్కువ వాటా తింటుంది. అలాంటి భాగానికి లావు కడ్డీ చెప్పిన సంఖ్యను వాడకుండా, అదే మందం గల పలుచటి రేకు నమూనాను కూడా అదే ప్లేటు మీద వేయించి లాగించాలి.